కానుగనూనె రాసిన చెవి

సోములమ్మ పిల్లిని చూసేటప్పుడు ముందు చెవి చూసేది. తరవాత చిగుళ్లు. ఆ తరవాత పొట్ట మీద అరచెయ్యి వేసి కాసేపు ఊరకే కూర్చునేది. పిల్లిని పట్టుకొచ్చినవాళ్లు ఏదో ఒకటి చెబుతూనే ఉండేవారు. ఆమె వినేది కాదు.

“మనిసి సెప్పిందాంట్లో సగం ఉండదు. ముందు నన్ను సూడనీ” అనేది.

ఆ గుణం ఆమెకు పెళ్లయిన తొలి ఏడాది పట్టుకుంది. అత్తగారింటి పిల్లి మూడు రోజులు తిండి మానేసి, నోటి వెంట చొంగ కారుస్తూ మూల కూర్చుంది. దిష్టి తగిలిందన్నారు. ఎవరో మందు పెట్టారన్నారు. పక్కింటివాళ్లతో మాటలు కూడా మానేశారు. పిల్లి చచ్చిపోయాక సోములమ్మ దాని దవడలు విడదీసి చూసింది. గొంతులో ఎండుచేప ముల్లు అడ్డంగా దిగి ఉంది. మూడు రోజుల్లో ఒక్కరూ దాని నోరు తెరిచి చూడలేదు. తానూ చూడలేదు. అప్పటినుంచి ఎవరి మాటా నమ్మడం మానేసింది.

చింతగరువు హుకుంపేటకు రెండు కొండల అవతల ఉంది. ముప్పై గడప. ప్రతి ఇంట్లోనూ అటక కింద ఆనపకాయ బుర్రల్లో విత్తనాలు వేలాడతాయి. సామలు, చోళ్లు, వలిసెలు. తొలకరి దాకా అవి ఎలకల నోట పడకుండా ఉండాలి. అందుకని పిల్లి లేని ఇల్లు ఉండదు. పిల్లికూనను ఊరికే తీసుకోరు. ఆ ఇంట్లో గుప్పెడు ఉప్పు పెట్టి, అప్పుడు కూనను ఒళ్లోకి తీసుకుంటారు. ఉప్పు పెట్టకుండా తెచ్చిన పిల్లి నిలవదంటారు.

పిల్లికి ఏ జబ్బు చేసినా సోములమ్మ దగ్గరికే తెచ్చేవారు. పోట్లాటలో గోరు దిగి చీము పట్టిన చోట, నిప్పుల మీద వెచ్చచేసిన గుడ్డతో కాపడం పెట్టేది. మెత్తబడ్డాక ముల్లుతో పొడిచి, చీము పిండి, పసుపు అద్దేది. చెవుల్లో గజ్జి పట్టి అస్తమానం తల విదిలించే పిల్లికి కానుగనూనెలో పసుపు కలిపి కోడి ఈకతో రాసేది. ఇంటికి పంపేటప్పుడు నూనె కూడా ఇచ్చేది. మర్నాడు తానే వెళ్లి చెవి వాసన చూసేది. రాశామని చెప్పినవాళ్లు రాయలేదని ఆమె అనుమానం. చాలాసార్లు నిజంగానే రాసి ఉండేవారు కాదు.

ఆమె సొంత పిల్లి మసి. నల్లటి గండుపిల్లి. కుర్రతనంలో ఏదో అడవిపిల్లితో తగువు పడి వచ్చింది. ఎడమ చెవి నిండా నెత్తురు చేరి బూరెలా ఉబ్బింది. సోములమ్మ దాన్ని ఒళ్లో బిగించి పట్టుకుని చెవి పొడిచింది. అది అరిచింది గాని కరవలేదు. పుండు మానాక చెవి ఎండిన అడ్డాకులా ముడుచుకుపోయింది. ఊళ్లో నల్లపిల్లులు ఇంకా ఉండేవి. ముడుచుకున్న చెవి మాత్రం మసి ఒక్కదానిదే. ఆ రోజునుంచి అది ఆమె చేతికి తప్ప ఇంకెవరి చేతికీ వచ్చేది కాదు. ఆమె మొగుడు గాసి చేతికి కూడా.

కుందేళ్లు తొంభై తొమ్మిదిలో వచ్చాయి. ఒక సొసైటీవాళ్లు పెంచుకోమని ఇచ్చారు. వాటిని చూసే ఆవిడ పేరు భారతి. అనకాపల్లి వైపు మనిషి. నెలకోసారి పొద్దున బస్సు దిగి, చెప్పులు చేతిలో పట్టుకుని గెడ్డ మీది దుంగల వంతెన దాటి వచ్చేది. ఆరు కుందేళ్లు తెచ్చింది. నాలుగు తెల్లవి. రెండు బూడిదరంగువి, ఒక పోతు, ఒక పెంటి. గాసి వెదురు పని బాగా చేస్తాడు. నాలుగు గుంజల మీద నడుమెత్తున గూడు కట్టాడు. పెంట కిందికి రాలిపోయేలా అడుగున బద్దలు సందులు విడిచి పరిచాడు.

భారతి గూడు చూసింది, బాగుందన్నది. అప్పుడు గూటి కింద నీడలో పడుకున్న మసిని చూసింది.

“ఈ పిల్లి ఎవరిది?”

“నాదే మేడమ్.”

“పిల్లి ఉన్న ఇంట్లో కుందేళ్లు పెడతారా ఎవరైనా?”

“పిల్లి నేకపోతే ఎలకలొత్తాయి మేడమ్. కుందేలు కూనల్ని ఎలక తినదేటి?”

భారతి గూటి గుంజ పట్టుకుని ఊపి చూసింది. “ఒక్కటి పోయినా సరే, అన్నీ పట్టుకుపోయి వేరే ఇంట్లో ఇచ్చేస్తాను. తరవాత నన్ననొద్దు” అంది.

సోములమ్మ తల ఊపింది. భారతి చెప్పిన జాగ్రత్తలన్నిటికీ అలాగే తల ఊపింది. మంచుతో తడిసిన గడ్డి వెయ్యకూడదట, ఆరబెట్టి వెయ్యాలట. అదీ నమ్మలేదు. ఒకదానికి తడిగడ్డి వేసి చూసింది. మధ్యాహ్నానికి దాని పొట్ట డోలులా బిగిసింది. సాయంత్రం దాకా ఒళ్లో పెట్టుకుని నిమిరి నిమిరి బతికించింది. ఆ ఒక్క మాటా నమ్మింది.

పెంటికుందేలు ఈనేముందు తన పొట్ట మీది బొచ్చు తానే పీక్కుని గూట్లో పరుచుకుంటుంది. ఆ బొచ్చులో కళ్లు తెరవని కూనలు ఎర్రగా కదులుతాయి. వాటి వాసనకి ఎలకలు గుంజలెక్కి వచ్చేవి. మసి కింద కాపు కాసి ఒక్కొక్కటే పట్టేది. గూడెక్కిన రోజు లేదు. సోములమ్మ తొలి నెలంతా దాన్ని కనిపెట్టి చూసింది. పొయ్యి దగ్గర కూర్చున్నా, అంబలి తాగుతున్నా ఒక కన్ను దాని మీదే ఉంచింది. నెల తరవాత చూడడం మానేసింది. ఆమె అలా చూడడం మానేసిన ప్రాణి అదొక్కటే.

ఊరు మాత్రం చూస్తూనే ఉంది. పక్కింటి యర్రమ్మకి కుందేళ్లు దొరకలేదు. దడి అవతల నుంచి రోజూ ఒక మాట విసిరేది.

“ఒలే వదినా, కుందేళ్లకి పిల్లిని కాపలా ఎట్టినావు. కోళ్లకి నక్కని ఎట్టీ మరి!”

తొలి చలికాలంలో కుందేళ్ల చెవుల్లో పెచ్చులు కట్టాయి. పిల్లి నుంచే అంటుకుందని యర్రమ్మ ఊరంతా చెప్పింది. భారతి కూడా మసి వైపే చూసింది. సోములమ్మ మసి చెవులు వెనక్కి మడిచి చూపించింది. శుభ్రంగా ఉన్నాయి. గజ్జి బూడిదరంగు పోతులో ముదిరి ఉంది. అది వచ్చినప్పుడే తెచ్చుకుని ఉంటుంది. గూట్లో పెట్టేముందు చెవి చూడకపోవడం తన తప్పు. భారతి ఒక సూది వేసింది. రెండోసారి వెయ్యాల్సిన రోజుకి రాలేదు. సోములమ్మ రోజూ సాయంత్రం అన్నిటి చెవుల్లోనూ పసుపు కలిపిన కానుగనూనె రాసింది. మసికి కూడా రాసింది. తగ్గాక కూడా మానలేదు. రాయకపోతే మళ్లీ వస్తుందేమోనని అనుమానం. కుందేళ్లన్నీ పచ్చటి చెవులతో, ఘాటు వాసనతో తిరిగేవి.

చైత్రంలో వేటపండగ. ఆడవాళ్లు విత్తనాలు కొత్తచేటల్లో పోసి ఊరిదేవత జాకర దగ్గర ఉంచుతారు. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవిలోకి పోతారు. తెచ్చిన జంతువు నెత్తురు ఆ విత్తనాల మీద చల్లితేగాని ఊళ్లో ఎవరూ వాటిని నేలలో వెయ్యరు. ఖాళీచేతులతో వచ్చిన మగవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరిస్తారు. ఆ రోజుకి వరస, వయసు ఏమీ లేదు. కోడలు మామ మీద కూడా పోస్తుంది.

వెనకటి కాలంలో నలుగురు వెళితే ముగ్గురు ఏదో ఒకటి తెచ్చేవారు. అడవి పలచబడింది. కిందటేడు గాసి ఖాళీగా వచ్చాడు. యర్రమ్మ కాపు కాసి, గూనెడు పేడనీళ్లు నెత్తిన కుమ్మరించింది. అతను రెండు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఈ ఏడు వేట రెండు రోజులుందనగా యర్రమ్మ దడి మీద గడ్డం ఆనించింది.

“వదినా, గాసిబావకి ఈయేడు నీళ్లు కాసి ఎట్టమంటావేటి? పోయినేడు సన్నీళ్లు పోత్తే జొరమొచ్చింది పాపం.”

గాసి అరుగు మీద విల్లుకి నారి బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు.

“నీ మొగుడు సంగతి సూసుకోయే. ఫల్గుణకేటి, పులొత్తందేటి?” అంది సోములమ్మ.

“పులి రాకపోతే నాను పోత్తాను నీళ్లు. నా మొగుడే గదా, సవకగా దొరికినాడు.”

మర్నాడు పొద్దున సోములమ్మ అడ్డాకు కోసుకురావడానికి కొండకి వెళ్లింది. మధ్యాహ్నం మోపు దించేసరికి గాసి గూటి దగ్గర నిలబడి ఉన్నాడు. అడుగు బద్ద ఒకటి విరిగి వేలాడుతోంది. బూడిదరంగు పోతు లేదు. కింద నేల మీద గుప్పెడు బూడిదరంగు బొచ్చు ఉంది.

“మసి” అన్నాడు గాసి.

మసి రుబ్బురోలు పక్కన నిద్రపోతోంది. సోములమ్మ వెళ్లి దాని పొట్ట మీద అరచెయ్యి వేసింది. పొట్ట ఖాళీగా, మెత్తగా ఉంది. మూతి వాసన చూసింది. నేల మీద నెత్తురు చుక్క వెతికింది. లేదు.

“తిన్నేదు” అంది.

“తిన్నేకపోతే ఈడ్సుకెల్లి దాసుంతాది. పిల్లి బుద్ది నీకు తెల్దేటి?”

“మరెవులో పట్టుకెల్లుంతారు.”

“ఎవులు? బద్ద ఇరిగింది, బొచ్చు రాలింది. మనిసి బొచ్చు పీకి ఎట్టి ఎల్తాడేటి?” అని గాసి గొంతు తగ్గించాడు. “సోములూ, శనివారం మేడమ్ వత్తాది. పిల్లిని సూసిందంటే మరి మన మాట ఇనదు. అన్నీ పట్టుకెల్లిపోద్ది. పిల్లి నేదనుకో, నక్కెత్తుకెల్లిందని సెప్పుకోవచ్చు. గెడ్డ అవతల ఒగ్గేసొత్తాను. ఎక్కడో అక్కడ బతుకుతాది.”

ఆమె గూటి వైపు చూసింది. తెల్లపెంటి ఒకటి పొట్ట మీది బొచ్చు పీక్కుంటోంది. నాలుగైదు రోజుల్లో ఈనుతుంది.

గాసి గోనెసంచి తెచ్చాడు. అతని చేతికి మసి రాలేదు. చూరెక్కి కూర్చుంది. చివరికి సోములమ్మే పిలిచింది. దిగి వచ్చింది. ఆమె దాన్ని ఎత్తి సంచిలో దించింది. చెవి పొడిచిన రోజు కాళ్లకి గుడ్డ చుట్టి ఒళ్లో పెట్టుకున్నట్టే అనుకుందేమో, గింజుకోలేదు. పొట్ట ఖాళీగా ఉన్నదని ఆమె చేతికి తెలుసు. అయినా మూతి కట్టి గాసికి అందించింది.

వేట మూడు రోజులు సాగింది. ఆ మూడు రోజులూ సోములమ్మ ఊళ్లో ఏ ఇంటి పొగనీ వదలలేదు. ఎవరింట్లో కూర వాసన వస్తే ఆ ఇంటి ముందు నెమ్మదిగా నడిచింది. హుకుంపేట సంతలో కొట్టు పెట్టుకున్న సుబ్బారావు రెండుసార్లు కుందేలు మాంసం అడిగాడు. అతని మనుషులెవరైనా ఈ దారిన వచ్చారా అని అడ్డాకుకి వచ్చినవాళ్లందర్నీ ఆరా తీసింది. యర్రమ్మ నీళ్లకి వెళ్లిన సమయం చూసి, ఆమె పెంటదిబ్బని కర్రతో కెలికింది. ఎముక కోసం.

బిందెతో తిరిగొచ్చిన యర్రమ్మ వెనక నిలబడి కాసేపు చూసింది.

“ఏటి వదినా, మా దిబ్బలో నీ ముక్కుపుల్ల పడిపోయిందేటి?”

“ఒక కుందేలు పోయింది.”

యర్రమ్మ బిందె దించింది. నవ్వు పోయింది. “దొరికితే మరి నా మొకాన్న కొట్టు. నేకపోతే ఆ దిబ్బని ఎలగుందో అలగ సర్దీసి ఎల్లు.”

సోములమ్మ దిబ్బ సర్దేసి వచ్చింది. యర్రమ్మ మీద అనుమానం పోలేదు. అంత కోపం ఎందుకు వచ్చిందన్న అనుమానం ఒకటి కలిసింది.

కుందేలు పోయిన నాలుగో రోజు, గురువారం పొద్దు వాలేవేళ డప్పులు వినబడ్డాయి. ఆడవాళ్లు గూనెలు పట్టుకుని ఊరి మొదట బారుగా నిలబడ్డారు. ముందు ఫల్గుణ వచ్చాడు. చేతులు ఖాళీ. యర్రమ్మ చెప్పినట్టే తన మొగుడి నెత్తిన తానే పోసింది. అందరూ విరగబడి నవ్వారు. అతని వెనక గాసి. భుజం మీద విల్లు, విల్లుకి వేలాడుతూ కుందేలు. డప్పు గట్టిగా మోగింది.

ముసలి మంగ్లు దాని వెనక కాళ్లు పట్టి చూశాడు. “కాళ్లు పొట్టిగున్నాయేటిరా?”

“పిల్లది తాతా” అన్నాడు గాసి.

ఆ ఊళ్లో అడవి కుందేలుని చూసి నాలుగేళ్లు దాటింది. మంగ్లు కాళ్లు వదిలేశాడు. విత్తనాల చేటల మీద నెత్తురు చల్లారు. గాసి తానే తోలు ఒలిచాడు, తొందర తొందరగా. మాంసం ఇంటింటికీ ఆకులో పంచారు. తలకాయ మాత్రం, జంతువుని కొట్టినవాడి ఇంటికి రావాలి. వచ్చింది.

సోములమ్మ పొయ్యి ముందు కూర్చుని, బొచ్చు కాల్చడానికి దాన్ని మంట మీదికి తెచ్చింది. చేతి అలవాటు కొద్దీ ముందు చెవి మడిచింది.

లోపల పచ్చగా ఉంది.

వాసన చూసింది. రెండో చెవి కూడా మడిచి చూసింది. తలని మళ్లీ ఆకులో పెట్టింది. పొయ్యిలోంచి కట్టెలు వెనక్కి లాగింది. గూట్లో పెద్దవి ఆరింట్లో నాలుగు తెల్లవి. పిల్లికి రంగుతో పనేమిటి? తెల్లదానితో అడవిలోంచి వస్తే మాత్రం ఎవరూ నమ్మరు. ఊరందరి పొగలూ చూసింది. తన గడప లోపల చూడలేదు.

గాసి కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు. ఆమె ఆకు అతని ముందుకి జరిపింది.

“వాసన సూడు మావా.”

అతను ఆకు వైపు చూశాడు. వంగలేదు.

“ఎక్కడ దాసినావు మూడు రోజులు?”

“కాఫీతోటలో. పాకలో. గంప కింద.”

“బద్ద?”

“నానే ఇరిసినాను.”

“బొచ్చు?”

అతను తల దించుకున్నాడు. “అడవిలో ఏటీ నేదు సోములూ. ఉడత కూడా నేదు. మల్లీ ఆ నీల్లు... యర్రమ్మ నవ్వు... నాను పడనేను.”

“మరి మసి పడాలా?”

ఆమె ఒకసారి తలుపు వైపు చూసింది. బయట డప్పు మోగుతోంది. ఈ మాట గడప దాటితే గాసి ఒక్కడితో పోదు. ఇంట్లో పెంచిన జంతువు నెత్తురు ఊరందరి విత్తనాల మీదా పడింది. తప్పు ఎలా తీరాలో కూర్చుని తేలుస్తారు. తేలేసరికి తొలకరి వచ్చేస్తుంది. ఆమె గొంతు పెంచలేదు.

“ఎవులికీ సెప్పను. రేపు పొద్దున్న ఎల్లు. మసిని తే.”

ఆ తలకాయని వండలేదు. పెరట్లో పాతిపెట్టింది.

శుక్రవారం గాసి పొద్దున్నే వెళ్లాడు. సాయంత్రం వచ్చాడు. భుజాన గోనెసంచి కదులుతోంది. ఆడవాళ్లు వీధిలో కూర్చుని అడ్డాకులు కుడుతున్నారు. సోములమ్మ గడప ముందు నిలబడి ఉంది. సంచి మూతి విప్పింది. నల్లపిల్లి. చెయ్యి పెట్టి ఎడమ చెవి పట్టుకుంది. చెవి నున్నగా, నిటారుగా ఉంది. లోపల గజ్జి.

ఆమె సంచి వదిలేసింది. పిల్లి ఒక్క గెంతులో దడి దాటి పారిపోయింది. గోడ పక్కన గూనె సిద్ధంగా ఉంది. రెండు చేతులా ఎత్తి గాసి నెత్తిన కుమ్మరించింది.

యర్రమ్మ చేతిలోని ఆకు జారిపోయింది. “ఓలమ్మో! పండగైపోయింది గదేటే వదినా!”

“మా ఇంట్లో అవనేదు” అంది సోములమ్మ.

గాసి పేడనీళ్లు కారుతూ నిలబడ్డాడు. తుడుచుకోలేదు.

“నిజంగా ఎక్కడ ఒగ్గేసినావు?”

“గెడ్డ అవతల. కాఫీ షెడ్డు కాడ. ఎతికినాను. కనపడనేదు.”

శనివారం భారతి వచ్చే రోజు. కుందేళ్ల దగ్గర మనిషి లేకపోతే ఆమె ఏమంటుందో సోములమ్మకి తెలుసు. తెల్లపెంటి రాత్రే ఈనింది. కూనల మీద బొచ్చు సర్ది, గూడు మూసి, కొంగులో ఉప్పు మూట కట్టుకుని, సంచి చంకన పెట్టుకుని గెడ్డ దాటింది.

కాఫీ షెడ్డు కావలివాడి పెళ్లాం కృపావతి. మెట్టు మీద కూర్చుని ఎండిన కాఫీ పళ్లలో పుల్లలేరుతోంది. వెనకాల కాఫీ బస్తాల మీద మసి పడుకుని ఉంది. సోములమ్మని చూసింది. కదల్లేదు.

“ఆ పిల్లి నాది” అంది సోములమ్మ.

“నీదైతే సంచిలో మూటకట్టి పారేసినారెందుకు? మూతి కూడా ఇప్పనేదు. నాను కోసినాను తాడు.”

సోములమ్మ తప్పంతా గాసి మీద వేసి చెప్పుకోవచ్చు. చెప్పలేదు. కొంగు విప్పి ఉప్పు మెట్టు మీద పోసింది. కృపావతి దాన్ని చూసి, ఆమె చంక వైపు చూసింది.

“మల్లీ సంచి తెచ్చినావేటి?”

“మరెలగ తీసుకెల్తాను?”

“సంచి ఇక్కడెట్టీ. పిల్లి వత్తే తీసుకెల్లు. రాకపోతే నీ ఉప్పు నువ్వు తీసుకెల్లు. నిన్ను నాను నమ్మను మరి, కోపమొద్దు.”

ఎవరి మాటా నమ్మని సోములమ్మని ముఖం మీద అలా అన్నవాళ్లు అంతవరకూ లేరు. ఆమె సంచి మెట్టు మీద పెట్టింది. మసిని పిలిచింది. అది చెవి తిప్పింది గాని లేవలేదు. దగ్గరికి వెళితే బస్తాల వెనక్కి పోయింది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఉప్పు, సంచి అక్కడే వదిలేసి, వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టింది. కాఫీ చెట్లు దాటాక తిరిగి చూసింది. పది పన్నెండు అడుగుల వెనక మసి. ఆమె తిరగగానే అది ఆగిపోయింది. ఒక అడుగు దాని వైపు వేస్తే పొదలోకి తప్పుకుంది. మళ్లీ నడిచింది. మళ్లీ చూసింది. మళ్లీ ఆగిపోయింది. ఆమె చూస్తున్నంతసేపూ అది రాదు. మూడోసారికి ఆమెకి అర్థమైంది. ఇక తిరగలేదు. గెడ్డ మీద దుంగల వంతెన దగ్గర వెనక ఏ చప్పుడూ లేదు. మెడ పట్టేసినట్టయింది. అయినా తిరగలేదు.

ఊరి దారిలో భారతి ఎదురొచ్చింది. చేతిలో చెప్పులు, ముఖం ఎర్రగా ఉంది.

“నీకోసం గంట కూర్చున్నాను. ఒకటి పోయిందట?” అంటూనే ఆమె భుజం మీదుగా చూసి ఆగింది. “ఆ పిల్లిని మళ్లీ ఇంటికి తెస్తున్నావా?”

మసి వెనకే ఉందన్న మాట అలా తెలిసింది సోములమ్మకి.

“తెత్తన్నాను. అది తిన్నేదు మేడమ్.”

“మరి?”

“మనిసి.”

“ఎవరు?”

“అది సెప్పను.”

“చెప్పకపోతే నువ్వే అమ్ముకున్నావనుకుంటాను.”

“అనుకోండి. ఆ బూడిదరంగు పెంటిని పట్టుకెల్లిపోండి. తెల్లవి ఉంచండి. మరెప్పుడిచ్చినా తెల్లవే ఇవ్వండి.”

“రంగులో ఏముంది?”

“తెల్లది అడవిలో దాగదు మేడమ్.”

భారతికి ఎంత తెలిసిందో తెలియదు. గంటసేపు గూటి ముందు కూర్చుని కూనలు చూసి ఉంది. ఒక్కటీ పోకుండా బొచ్చు కింద ఎర్రగా, నిండుగా ఉన్నాయి. వెనక్కి వచ్చి బూడిదరంగు పెంటిని బుట్టలో పెట్టుకుంది. తెల్లవాటిని ముట్టుకోలేదు. తరవాత వచ్చినప్పుడల్లా గూట్లో ఉన్నవాటిని ఒకటికి రెండుసార్లు చూసుకునేది. సోములమ్మకి అది తప్పనిపించలేదు.

ఆ వానాకాలం ఆమె ఊరందరి చేల గట్ల మీదా తిరిగింది. ఎవరి సామలు మొలిచాయి, ఎవరివి మొలవలేదు అని చూసింది. యర్రమ్మ చేనులో ఒక మడి పలచబడితే రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడో రోజు చూస్తే పందికొక్కులు తవ్విన కన్నాలు కనబడ్డాయి. ఇంటికి వచ్చి, ఎందుకో చెప్పకుండా, యర్రమ్మకి ఒక తెల్లకుందేలు జత ఇచ్చింది. యర్రమ్మ పట్టుకుని, ముందు వాటి చెవులు మడిచి చూసింది.

“ఏటి సూత్తన్నావు?” అంది సోములమ్మ.

“ఊరికే ఇత్తన్నావు గదా వదినా, ఏదో జబ్బుంతాదనీసి.”

గాసి మరుసటేడు వేటకి వెళ్లాడు. ఖాళీగా వచ్చాడు. నిలబడి పోయించుకున్నాడు. ఆ మూడు రోజులూ సోములమ్మ గూటి దగ్గరినుంచి కదలలేదు. వెళ్లేముందు అతను గూటి వైపు చూడలేదు, చూస్తే ఆమె చూస్తుందని.

సొసైటీ రెండు వేల అయిదులో మూతపడింది. భారతి రావడం మానేసింది. సోములమ్మ దగ్గర మాత్రం కుందేళ్లు ఇంకా కొన్నాళ్లు ఉన్నాయి, అన్నీ తెల్లవే. పిల్లుల్ని తెచ్చేవాళ్లు తెస్తూనే ఉన్నారు.

మసి గూటి కిందే ఉండేది. ఎలకలు పట్టేది. ఆమె పెట్టింది తినేది, ఆమె నాలుగడుగులు వెనక్కి జరిగాక. ఊళ్లో ఏ పిల్లి చెవయినా మడిచి చూసే సోములమ్మ దాని చెవి ఒక్కటే చూడలేకపోయింది. నూనెలో ఈక ముంచితే చాలు, అది చూరెక్కేది.

సంచిలో కట్టినప్పటి నుంచి నాలుగో ఏట ఒక పొద్దున మసి కుంటుతూ వచ్చింది. కుడి దవడ కింద వాచి ఉంది. ఎక్కడో పోట్లాడింది. రుబ్బురోలు పక్కన కూలబడి ఆమెనే చూస్తోంది. ఆమె లేవబోయింది. అది లేవబోయింది. ఆమె కూర్చుండిపోయింది.

కాసేపయ్యాక నిప్పులు రాజేసింది. పాతగుడ్డ మడత పెట్టి వెచ్చచేసింది. చెంప కానించి వేడి చూసుకుంది. దాన్ని రుబ్బురోలుకి రెండు అడుగుల దూరంలో నేల మీద పెట్టి, లోపలికి వెళ్లి, తలుపు వైపు వీపు పెట్టి కూర్చుంది. చోళ్లు చెరుగుతూ కూర్చుంది. చేట చప్పుడు ఆగకుండా చూసుకుంది.

గుడ్డ చల్లారిపోయి ఉంటుందని అనిపించాక లేచి వచ్చింది. మసి వాచిన దవడ గుడ్డకి ఆనించి పడుకుని ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. ఆమె ఇంకో గుడ్డ వెచ్చచేయడానికి వెళ్లింది.